బొమ్మకో పని చెప్పండి

మన ఇళ్ళలో షోకేసుకి ఒక గుణం ఉంది. లోపలికి వెళ్ళిన వస్తువు మళ్ళీ బయటికి రాదు. పూరీ నుంచి తెచ్చిన శంఖం, అబ్బాయికి స్కూల్లో వచ్చిన కప్పు, ఎవరో పెళ్ళికిచ్చిన తల్లీబిడ్డల పింగాణీ బొమ్మ, అన్నీ అద్దం వెనక వరసగా నిలబడతాయి. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు మాత్రం తాళంచెవి కోసం వెతుకుతాం. దుమ్ము తుడిచి, మళ్ళీ తాళం వేసేస్తాం.

ఈ అధ్యాయం ఆ తల్లీబిడ్డల బొమ్మ గురించి. అమ్మ ఒళ్ళో పసిబిడ్డ, నాన్న భుజాల మీద కొడుకు, కూతురికి జడ వేస్తున్న తల్లి. ఇలాంటివి బజార్లో బోలెడన్ని దొరుకుతాయి. బిడ్డను చూడ్డానికెళ్ళినప్పుడు, పుట్టినరోజుకి, మదర్స్ డేకి కొంటాం. కొన్న పూట ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. నెల తిరిగేసరికి అది ఇంట్లో ఉందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. అందులో బొమ్మ తప్పేమీ లేదు. తెచ్చి నిలబెట్టామే గాని, దానికి మనం ఏ పనీ చెప్పలేదు.

ఏ బొమ్మా ప్రేమను పుట్టించలేదు. ఇంట్లో ఉన్న ప్రేమకు రోజూ చేతికందే ఒక చిన్న పనిని మాత్రం కల్పించగలదు. ఆ పని ఏమిటో, దానికి ఎలాంటి బొమ్మ కావాలో, ఎలా మొదలుపెట్టాలో చూద్దాం.

షిఫ్టుల ఊళ్ళో పెంపకం

విశాఖపట్నం షిఫ్టుల ఊరు. ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసు రాజుకున్నాక పండగనో ఆదివారమనో ఆపుకునే వీలుండదు. మనవాళ్ళు ఆ ఫర్నేసులకి గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అని ఆడపిల్లల పేర్లు పెట్టుకున్నారు. ఆ ముగ్గురినీ కనిపెట్టుకుని ఉండాలంటే ఇంట్లో ఉన్న అసలు పిల్లల్ని వదిలి ఎ షిఫ్టుకో, బి షిఫ్టుకో, సి షిఫ్టుకో వెళ్ళక తప్పదు. ఉక్కునగరం సెక్టార్లలోనూ గాజువాక సందుల్లోనూ పెరిగిన పిల్లలకి బాగా అలవాటైన మాట ఒకటుంది. "నాన్న పడుకున్నారు, గోల చెయ్యకండి."

పోర్టు సంగతీ అంతే. 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే ప్రయాణికుల ఓడ వచ్చి ఆగడంతో మొదలైన రేవు ఇది. అప్పటినుంచీ ఓడ వచ్చిన వేళే పని వేళ. ఓడల మీద ఉద్యోగం చేసేవాళ్ళు నెలల తరబడి ఇంటికి దూరం. ఫిషింగ్ హార్బర్ నుంచి వెళ్ళిన మరబోట్లు రోజుల కొద్దీ సముద్రం మీదే ఉంటాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. తండ్రి రోజూ పిల్లల పక్కన కూర్చుని అన్నం తినగలిగేది ఆ రోజుల్లోనే. ఇంట్లో డబ్బు ఆడక ఇబ్బంది పడేదీ ఆ రోజుల్లోనే. ఇక చదువు పూర్తయిన పిల్లలు హైదరాబాదుకో, బెంగళూరుకో, అమెరికాకో రైలెక్కుతారు, విమానమెక్కుతారు.

ఇలాంటి ఊళ్ళో చాలా ఇళ్ళకి కరువైనది వేళ. ఒకరు మేలుకునేసరికి ఇంకొకరు నిద్రలో ఉంటారు. ఇద్దరూ ఎదురుపడిన ఆ పది నిమిషాల్లోనూ తిరిగే మాటలు నాలుగే. తిన్నావా? చదివావా? ఫీజెప్పుడు కట్టాలి? తలుపేసుకో. వీటిలో ప్రేమ లేదని ఎవరూ అనలేరు. కానీ పదమూడేళ్ళ పిల్లకి అది లెక్క అడుగుతున్నట్టే వినిపిస్తుంది. ఇక్కడ బొమ్మ అక్కరకొస్తుంది. అది ఇద్దరిలో ఎవరు లేకపోయినా ఇంట్లోనే ఉంటుంది. ఒకరు కదిపి వెళ్ళింది, తర్వాత వచ్చినవారు చూస్తారు.

మనకు దగ్గరి బొమ్మ

ఏ బొమ్మయినా పనికొస్తుంది గాని, విశాఖవాసులకి దగ్గర్లో ఉన్నదీ, చేత్తో కదపడానికి తగినదీ ఏటికొప్పాక లక్కబొమ్మ. అనకాపల్లి మీదుగా జాతీయ రహదారిలో వెళ్ళి, ఎలమంచిలి దాటాక లోపలికి తిరిగితే వరాహ నది ఒడ్డున ఆ ఊరు వస్తుంది. నగరానికి అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం. 2022లో జిల్లాలు మారి అది అనకాపల్లి జిల్లాలో చేరింది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటంగా దిల్లీ కర్తవ్యపథ్ మీద నడిచింది ఈ బొమ్మలే. ఆ శకటానికి మూడో బహుమతి దక్కింది.

వీలైతే పిల్లల్ని తీసుకుని ఒకసారి ఆ ఊరు వెళ్ళిరండి. బొమ్మ పుట్టే తీరు చూసిన పిల్లలు దాన్ని వేరేగా పట్టుకుంటారు. తెల్లగా, మెత్తగా ఉండే అంకుడు కర్ర ముక్కని తరిణికి బిగిస్తారు. ఇప్పుడందరూ లేత్ మిషన్ అంటున్నది దాన్నే. ఒకప్పుడు తాడుతో లాగి తిప్పేవారు, ఇప్పుడు కరెంటు మోటారు తిప్పుతోంది. తిరుగుతున్న కర్ర మీద ఉలి ఆనించగానే పొట్టు రిబ్బన్లలా లేచి పనివాడి ఒళ్ళో పడుతుంది. తల ఇక్కడ, మెడ ఇక్కడ అని గీతలేమీ ఉండవు. చెయ్యి ఆగిన చోట మెడ, జరిగిన చోట పొట్ట. ఆకారం వచ్చాక గరుకుకాగితం పట్టి, రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న బొమ్మకి అదిమి పెడతారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్ర చుట్టూ పాకుతుంది. అప్పటిదాకా మసకగా ఉన్న రంగు, మొగలాకు ఒత్తిపట్టి రుద్దేసరికి తళుక్కుమంటుంది. పక్కన నిలబడి చూస్తున్న పిల్లలు నోరు తెరిచేది సరిగ్గా ఆ క్షణంలోనే.

ఆ రంగుల వెనక ఒక మనిషి పట్టుదల ఉంది. రసాయన రంగుల జోరులో పాత పద్ధతులు మూలపడిన రోజుల్లో సి.వి. రాజు పసుపు, నీలి, జాఫ్రా గింజలు, కరక్కాయ వంటివాటి నుంచి రంగులు తీసి లక్కలో నిలిపే పద్ధతుల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు, ఊళ్ళో కళాకారులకు నేర్పారు. 2023లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. నోట్లో పెట్టుకునే వయసు బిడ్డ ఉన్న ఇంటికి ఈ సంగతి ముఖ్యం. కొనేటప్పుడు సహజ రంగులేనా అని అడిగి తెలుసుకోండి. అడగడంలో నామోషీ ఏమీ లేదు. చేసేవాళ్ళకి ఆ ప్రశ్న వినడమంటే ఇష్టమే.

ఊరికి వెళ్ళే తీరిక లేనివాళ్ళు నగరంలోని లేపాక్షి హస్తకళల దుకాణంలోనో, చేతివృత్తుల ప్రదర్శనలు జరిగినప్పుడో చూసుకోవచ్చు.

ఎలాంటిది ఎంచుకోవాలి?

షాపులో ముందు కంటికి ఆనేది కన్నీళ్ళు పెట్టించే బొమ్మ. తల్లి కళ్ళు మూసుకుని బిడ్డని గుండెకు హత్తుకుని ఉంటుంది. అందంగానే ఉంటుంది. కానీ అది చెప్పాల్సిందంతా చెప్పేసింది, మీరు కలపడానికి అందులో చోటు లేదు. ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు చూసుకోండి.

మొదటిది, మీ ఇద్దరి అలవాటు. మీరూ మీ బిడ్డా నిజంగా కలిసి చేసే పని ఏమిటి? సైకిలు మీద స్కూలుకి దింపడమా, ఆదివారం బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ తింటూ నడవడమా, తలకి నూనె పెట్టడమా, సింహాచలం మెట్లెక్కడమా? దానికి దగ్గరగా ఉన్న బొమ్మని వెతకండి. ఎప్పుడూ ఒళ్ళో కూర్చోబెట్టుకోని తండ్రికి ఒళ్ళో బిడ్డ ఉన్న బొమ్మ కొనిస్తే అది మెచ్చుకోలులా ఉండదు, దెప్పిపొడుపులా ఉంటుంది. దొరక్కపోతే ఆర్డరు ఇవ్వండి. ఏమి చేయించాలో ఇంట్లో కూర్చుని మాట్లాడుకునే ఆ సాయంత్రమే సగం ఫలితం ఇచ్చేస్తుంది. "నాన్నతో నీకు బాగా గుర్తున్నదేమిటి?" అని అడిగితే పిల్లలు మీరు ఖర్చుపెట్టి తీసుకెళ్ళిన ఊటీ గురించి చెప్పరు. కరెంటు పోయిన రాత్రి డాబా మీద పడుకున్నది చెబుతారు.

రెండోది, ముఖం ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. తరిణి మీద చేసిన బొమ్మకి కనుముక్కు తీరు పెద్దగా రాదు. గుండ్రటి తల, రెండు చుక్కల కళ్ళు, అంతే. పెద్ద గుండ్రం పక్కన చిన్న గుండ్రం నిలబెడితే తల్లీబిడ్డా అయిపోతారు. ఆ ఖాళీ ముఖంలో ఎవరి అమ్మని వాళ్ళు చూసుకుంటారు. ఈ కిటుకు మనకే కాదు, లోకమంతటికీ తెలుసు. అమెరికాలో 2000లో సూసన్ లోర్డీ మొదలుపెట్టిన విల్లో ట్రీ బొమ్మల్లో తల్లీబిడ్డల జంటలు బాగా పేరు తెచ్చుకున్నాయి. వాటికి కళ్ళూ ముక్కూ నోరూ ఏవీ ఉండవు. మెడ వంపు, చేతి ఆసరా చూసే మనం సంగతి గ్రహిస్తాం. రష్యాలో 1890ల్లో పుట్టిన మాత్రియోష్కా కూడా తరిణి బొమ్మే. అమ్మ లోపల అమ్మాయి, ఆ అమ్మాయి లోపల ఇంకో పిల్ల, చివరికి బొటనవేలంత పాపాయి. 1900లో పారిస్ ప్రదర్శనలో పతకం గెలిచింది. పిల్లలు దాన్ని వదలకపోవడానికి కారణం విప్పి మళ్ళీ మూసే పని తమ చేతిలో ఉండటమే.

మూడోది, మిగతా రెండిటికన్నా ముఖ్యమైనది. విడివిడి బొమ్మల జత కొనండి. ఒకే కర్రలో అతుక్కుపోయిన జంట వద్దు. అతుక్కున్న బొమ్మలో బిడ్డ ఎప్పటికీ మూడేళ్ళ దగ్గరే ఆగిపోతుంది. విడి బొమ్మలైతే దగ్గరికి జరపొచ్చు, దూరం పెట్టొచ్చు, ఎదురెదురుగా నిలపొచ్చు, ఒకదాన్ని ఊరు పంపొచ్చు. మనం చెప్పబోయే పనులన్నిటికీ ఇదే ఆధారం.

పని ఒకటి: రాకపోకల కబురు

గాజువాకలో ఒక ఇల్లు ఊహించుకోండి. తండ్రి ప్లాంటులో ఉద్యోగి, కూతురు తొమ్మిదో తరగతి. ఈ వారం ఆయనకి సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ. అమ్మాయి స్కూలుకి తయారయ్యే వేళకి ఆయన వస్తారు. ఆమె ట్యూషన్ నుంచి వచ్చి అన్నం తినేలోపు మళ్ళీ బయల్దేరే హడావుడి.

టీవీ పక్క అరలో పెద్ద బొమ్మ ఒకటి, చిన్న బొమ్మ ఒకటి పెట్టండి. డ్యూటీకి వెళ్ళేటప్పుడు తండ్రి పెద్ద బొమ్మని తలుపు వైపు చివరికి జరుపుతారు. వచ్చాక చిన్నదాని పక్కకి తెస్తారు. అమ్మాయి స్కూలుకెళ్తూ చిన్నదాన్ని జరుపుతుంది. ఇంతే పని.

"అమ్మా, నాన్న వచ్చేశారా?"

"చూడు మరి. నన్నడుగుతావేంటే?"

అరవైపు చూస్తే తెలిసిపోతుంది. రెండు బొమ్మలూ పక్కపక్కనే ఉంటే నాన్న లోపల పడుకున్నారని అర్థం. కొన్నాళ్ళకి పిల్లలు సొంత కవిత్వం మొదలుపెడతారు. పరీక్ష ఉన్న రోజు చిన్న బొమ్మ పెద్ద బొమ్మ వెనక దాక్కుంటుంది. జీతం రోజున పెద్ద బొమ్మ నెత్తి మీద చాక్లెట్ కాగితం ఉంటుంది. బొమ్మ కింద చిన్న చీటీ వస్తుంది, "నాన్నా, శుక్రవారం పేరెంట్స్ మీటింగ్." జవాబు అదే చీటీ వెనక ఉంటుంది. ఫోనులో మెసేజీ పెట్టొచ్చుగా అంటారేమో. పెట్టొచ్చు. మెసేజీ ఆఫీసు గ్రూపుల మధ్య, గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్య వస్తుంది. బొమ్మని కదపాలంటే ఇంట్లో నిలబడి, చెయ్యి చాచి, ఆ మనిషిని తలుచుకోవాలి.

దీనికొక్కటే నియమం. ఎవరైనా మరిచిపోతే అడగకూడదు. "బొమ్మ జరపలేదేం?" అని ఒక్కసారి గద్దించారంటే అది హాజరు పట్టీ అయిపోతుంది.

పని రెండు: అలక తీర్చడం

పిల్లల దగ్గర తగ్గడం మన పెద్దలకి చేతకాని విద్య. అనవసరంగా కేకలేశామని లోపల తెలిసినా, "సారీ అమ్మా" అన్న మాట గొంతు దాటదు. పిల్లలకీ అంతే. తలుపు దబాలున వేసుకున్నాక బయటికి రావడానికి దారి కావాలి, దారి చూపే మాట రాదు.

ఇంట్లో అందరూ ప్రశాంతంగా ఉన్న రోజు ఒక ఒప్పందం చేసుకోండి. రాజీ కోరేవారు తమ బొమ్మని తీసుకెళ్ళి రెండోవారి పుస్తకాల మీదో, అన్నం కంచం పక్కనో పెట్టాలి. అందుకున్నవారు వెంటనే మాట్లాడనక్కర్లేదు, నవ్వనక్కర్లేదు. పడుకునేలోపు బొమ్మని అరలో యథాస్థానంలో పెడితే చాలు, ఆ రోజు గొడవకి అక్కడితో సరి. మర్నాడు తిరగదోడకూడదు.

ఇందులో పెద్దలు పాటించాల్సింది ఇంకొకటుంది. మొదటిసారి మీరే పెట్టాలి. రెండోసారీ మీరే పెట్టినా నష్టం లేదు. అమ్మానాన్నలు దిగిరావడం కళ్ళారా చూసిన పిల్లలకే తాము దిగిరావడం వస్తుంది. అయితే పెద్ద తప్పులకి బొమ్మ చాలదు. చెయ్యి చేసుకుంటే, అందరి ముందూ చిన్నబుచ్చితే, మాట తప్పితే, నోటితోనే క్షమించమని అడగాలి. బొమ్మ అప్పుడు మీ చేతిలో ఉంటే ఉండొచ్చు, మీ బదులు మాట్లాడకూడదు.

పని మూడు: ఊరు మారినప్పుడు

అమ్మాయి హాస్టలుకి వెళ్తోంది. సాధారణంగా ఎవరైనా ఏమనుకుంటారు? ఆమె బొమ్మ ఆమెతో వెళ్ళాలి, అమ్మ బొమ్మ ఇంట్లో ఉండాలి అని. తిరగేయండి. అమ్మ బొమ్మని కూతురి పెట్టెలో పెట్టండి. పిల్ల బొమ్మని ఇంట్లో అట్టేపెట్టుకోండి. హాస్టల్ బల్ల మీద తన బొమ్మే ఉంటే అది అలంకారం, అమ్మ బొమ్మ ఉంటే తోడు. ఇక్కడ ఇంట్లో పిల్ల బొమ్మ అరలో ఉన్నంతకాలం ఆమె చోటు ఆమెదే. సెలవులకి వచ్చినప్పుడు రెండూ కలుస్తాయి.

దూరాన ఉన్నవాళ్ళు ఇంటికి బొమ్మలు పంపుకోవడం కొత్తేమీ కాదు. జర్మనీలో మరియా ఇన్నొసెంతియా హుమ్మెల్ అనే సన్యాసిని గీసిన పిల్లల బొమ్మల ఆధారంగా గోబెల్ సంస్థ 1935 నుంచి పింగాణీ బొమ్మలు చేసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడున్న అమెరికన్ సైనికులు వాటిని కొని ఇళ్ళకి పంపడంతో అవి సముద్రం దాటి పేరుపొందాయి. మన ఓడ ఉద్యోగులు కూడా ఆగిన ప్రతి రేవులో ఖరీదైన వస్తువు కొననక్కర్లేదు. ఇంట్లో పిల్ల చేతికిచ్చి వెళ్ళిన పెద్ద బొమ్మ, తన క్యాబిన్‌లో ఉన్న చిన్న బొమ్మ, వీడియో కాల్‌లో రెండూ ఒకదానికొకటి చూపించుకోవడం, నాలుగేళ్ళ పిల్లకి ఇంతకన్నా మంచి కబురు లేదు. "ఇదిగో నువ్వు, ఇక్కడ కిటికీలోంచి సముద్రం చూస్తున్నావు" అంటే ఆ పిల్ల ఫోను వదలదు.

పని నాలుగు: ఏడాదికో కథ

మన దగ్గర బొమ్మల కొలువు ఉండనే ఉంది. కొందరు దసరాకి, కొందరు సంక్రాంతికి పెడతారు. భోగి సాయంత్రం కొలువు ముందు పిల్లల్ని కూర్చోబెట్టి రేగుపళ్ళు, చిల్లర డబ్బులు, పూలరేకులు కలిపి తల మీంచి పోస్తారు. తల్లీబిడ్డల పండగ ఇంతకన్నా ఏముంటుంది? తమిళనాట, తిరుపతి వైపు మరపాచి బొమ్మల జతని పెళ్ళిలో పుట్టింటివాళ్ళు ఆడపిల్లకిచ్చే ఆనవాయితీ ఉంది. ఆమె ఆ జతతోనే తన కొలువు మొదలుపెడుతుంది.

మీ కొలువులో ఒక మెట్టు మీ ఇంటి కథకి కేటాయించండి. ఏటా ఒక్క చిన్న బొమ్మ చేరాలి. అడుగున లక్క పట్టని చోట పెన్నుతో సంవత్సరం, ఒక ముక్క రాయండి. "2014, హుద్‌హుద్, కొవ్వొత్తి వెలుగులో అష్టాచెమ్మా." "2020, నాన్న జుట్టు నేనే కత్తిరించాను." పేరంటానికి వచ్చినవాళ్ళు అడిగితే పిల్లలే చెప్పాలి. పిల్లలు చెప్పే కథలో మీరు వేరే మనిషిలా కనిపిస్తారు, సరిదిద్దకండి. ఆ హుద్‌హుద్ తుఫాను మీకు కూలిన చెట్లు, రాని నీళ్ళు, పోయిన కరెంటు. వాళ్ళకి అమ్మానాన్నలు రోజంతా ఇంట్లో ఉన్న వారం.

చెయ్యకూడనివి

అనకాపల్లి దగ్గర శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ అనే ప్రాచీన బౌద్ధ క్షేత్రం ఉంది. ఆ కొండ దిగువన హారీతి శిల్పం ఉంది. నాగార్జునకొండలో ఆమెకి గుడి కూడా బయటపడింది. బౌద్ధుల కథలో హారీతి వందల బిడ్డల తల్లి. తన పిల్లల్ని ప్రాణంగా చూసుకుంటూ ఊళ్ళో వాళ్ళ పిల్లల్ని ఎత్తుకెళ్ళి తినేసేది. బుద్ధుడు ఆమె చిట్టచివరి బిడ్డని తన భిక్షాపాత్ర కింద దాచాడు. ఒక్క బిడ్డ కనబడకపోతేనే ఇంత తల్లడిల్లావే, ఉన్న ఒక్కరినీ పోగొట్టుకున్న తల్లి మాటేమిటని అడిగాడు. ఆనాటి నుంచి ఆమె అందరి పిల్లలకీ కాపలా తల్లి అయింది. మాతృత్వానికి గుడి కట్టినవాళ్ళు, ఆ ప్రేమ ఎక్కడ వికటిస్తుందో కూడా కథలో చెప్పి మరీ కట్టారు.

ఆ హెచ్చరిక మనకీ వర్తిస్తుంది. బొమ్మని చూపించి పిల్లల్ని దెప్పకండి. "చూడు, బొమ్మలో పిల్ల ఎంత బుద్ధిగా ఉందో" అన్నారంటే ఆ బొమ్మ ఆ పూటే చచ్చిపోయింది. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ బొమ్మలుండాలి, సైజుల్లో తేడా వయసుని బట్టే ఉండాలి, మార్కుల్ని బట్టి కాదు. అమ్మో నాన్నో లేని ఇంట్లో "అమ్మ, నాన్న, పాప" సెట్టు కొని పెట్టకండి. అమ్మమ్మ పెంచుతున్న పిల్లాడికి అమ్మమ్మ బొమ్మే కావాలి. ఎవరి బొమ్మ కావాలో వాడినే అడగండి. పోయినవాళ్ళ బొమ్మ కావాలంటే కాదనకండి, వద్దంటే బలవంతపెట్టకండి. రోజూ ఫొటో తీసి స్టేటస్ పెట్టకండి. నలుగురూ చూడాలని కదిపిన బొమ్మ ఇంట్లో వాళ్ళకి కబురు చెప్పడం మానేస్తుంది.

కాపాడుకోవడం

లక్కబొమ్మకి నాలుగు శత్రువులు. మొదటిది ఎండ. సహజ రంగులు, ముఖ్యంగా పసుపు, నేరుగా ఎండ తగిలితే వెలిసిపోతాయి. కిటికీ అంచు వద్దు. రెండోది వేడి. లక్క మెత్తబడుతుంది కాబట్టి దీపం పక్కన, టీవీ సెట్టాప్ బాక్సు మీద పెట్టకండి. మూడోది శానిటైజరు, స్పిరిటు, సెంటు. ఆల్కహాలు లక్కని కరిగిస్తుంది, శుభ్రంగా ఉంటుందని తుడిస్తే మెరుపు చేతికి అంటుకొచ్చేస్తుంది. పొడి మెత్తటి గుడ్డ చాలు. నాలుగోది చెమ్మ. సముద్రపు గాలి తగిలే ఇళ్ళలో వానాకాలం అర వెనక గోడ చెమ్మగిల్లుతుంది. కర్ర మెత్తనిది, పురుగు పట్టే అవకాశం ఉంది. బొమ్మల్ని గోడకి రెండు వేళ్ళ ఎడంగా ఉంచి, నెలకోసారి అడుగుభాగం తిప్పి చూడండి. మూడేళ్ళలోపు పిల్లలకి ఊడివచ్చే చిన్న భాగాలున్న బొమ్మ ఇవ్వకండి.

వాడే బొమ్మకి దెబ్బలు తగులుతాయి. రంగు పెచ్చు లేస్తే బాధపడకండి, కొత్తది కొని పాతది దాచెయ్యకండి. చెయ్యి పడిన చోటే రంగు పోతుంది.

ఈ వారం ఆచరణ

1. షోకేసు తాళం తీయండి. అందులో తల్లీబిడ్డల బొమ్మ ఏదైనా ఉంటే బయటికి తెచ్చి, అందరూ రోజూ దాటివెళ్ళే చోట, పిల్లల చేతికందే ఎత్తులో పెట్టండి. లేకపోతే ఇంట్లో ఉన్న ఏ రెండు చిన్న వస్తువులతోనైనా మొదలుపెట్టొచ్చు. బొమ్మలు తర్వాత కొనుక్కోవచ్చు.

2. ఆదివారం భోజనాల దగ్గర ఒక్క ప్రశ్న అడగండి, "మనిద్దరం కలిసి చేసినవాటిలో నీకు ఏది గుర్తుంది?" జవాబు వినండి. దాన్నుంచి నీతి తీయకండి.

3. పైన చెప్పిన నాలుగు పనుల్లో మీ ఇంటికి సరిపోయేది ఒక్కటే ఎంచుకోండి. షిఫ్టు ఉద్యోగులైతే మొదటిది, ఈడొచ్చిన పిల్లలున్న ఇంటికి రెండోది, హాస్టలుకో విదేశానికో పంపుతున్నవారికి మూడోది, కొలువు పెట్టే ఆనవాయితీ ఉన్నవారికి నాలుగోది. నాలుగూ ఒకేసారి మొదలుపెడితే ఒక్కటీ నిలవదు.

4. నియమాలు పిల్లల చేతే రాయించండి. ఒక్క చిన్న కాగితంలో పట్టాలి.

5. మూడు వారాల తర్వాత ఎవరూ బొమ్మని కదపడం లేదనుకోండి. పోట్లాడకండి, దాని పని మార్చండి. అప్పటికీ కదలకపోతే ఆ బొమ్మని ఇంకో ఇంటి పిల్లకిచ్చేసి, మీ పిల్లలతో కలిసి వేరే పని వెతకండి. మనకి కావలసింది ఇంట్లో వాళ్ళ మధ్య కబురు నడవడం. అది బొమ్మతో నడిచినా, చీటీతో నడిచినా, బి షిఫ్టు దిగి వచ్చిన రాత్రి పదిన్నరకి కలిసి తాగే పాలగ్లాసుతో నడిచినా సరే.